పొగదొర ఆగాలి

"లోపం కాదు. అలాగే చేశాం. మూసేశాం."

చిన్నది తన ఫిర్యాదుకి పైఅంతస్తు రాసిన ఆ మూడు ముక్కలూ చదివి, కుర్చీలో వెనక్కి వాలి, కంప్యూటర్ తెరను పక్క బల్ల మీది బక్కోడి వైపు తిప్పింది. బక్కోడు నోట్లో బిస్కెట్ నమలడం ఆపకుండానే చదివి, "మళ్లీనా?" అన్నాడు.

"మళ్లీనే. వాళ్లు మూస్తూనే ఉంటారు, నేను తెరుస్తూనే ఉంటాను. ఎవరికి ముందు విసుగొస్తుందో చూద్దాం."

వాళ్లిద్దరి ఉద్యోగం తప్పులు పట్టడం. వీడియోగేమ్ తయారవుతున్నంతకాలం దాన్ని పొద్దున్నించి సాయంత్రం దాకా ఆడుతూ, ఎక్కడ మనిషి గోడలోంచి దూరి అవతలికి పోతున్నాడో, ఎక్కడ తలుపు తెరుచుకోనంటోందో, ఎక్కడ కుక్కకి కాలు మాయమైందో కనిపెట్టి పైఅంతస్తుకి రాసి పంపాలి. ఆటలాడితే జీతమిస్తారా, అదృష్టమంటే మీదేనని చుట్టాలు కుళ్లుకుంటారు గానీ, ఒకే తలుపును రోజంతా తెరిచి మూసి చూస్తే తెలుస్తుంది ఆ అదృష్టం రుచి. ఆ తప్పులకి ఇంగ్లీషులో పురుగులని పేరు, అందుకే మిగతా ఆఫీసంతా వీళ్లని పురుగులవాళ్లు అంటుంది. ఆ పేరంటే వీళ్లకి కోపమేమీ లేదు. పురుగులు ఏరకపోతే బియ్యం వండుకోగలరా ఎవరైనా?

ఇప్పుడు చేతిలో ఉన్నది 'దీపస్తంభాల దారి'. అసలు ఆట వచ్చింది చిన్నదాని గౌన్ల రోజుల్లో. పొగమంచు కమ్మిన సముద్రతీరం వెంట నలుగురు నడుచుకుంటూ పోతారు. దీపంపిల్ల, కత్తివాడు, మంత్రగత్తె, మోతగాడు. ఆరిపోయిన దీపస్తంభాలను ఒక్కొక్కటే వెలిగించుకుంటూ పోయి, చివరికి ఆ పొగంతా కక్కే పొగదొరతో తలపడతారు. ఆ ఆటను తర్వాత అరచేతిలో పట్టే బుల్లి యంత్రం కోసం ఒకసారి రీమేక్ చేశారు. ఇప్పుడు పెద్ద తెర కోసం రెండో రీమేక్, ఈ ఆఫీసులోనే. అల వచ్చి రాయికి కొట్టుకుంటే నురుగు రాతి పగుళ్లలోంచి జారి పోవడం కూడా కనిపిస్తుంది. కళ్లకద్దుకోవచ్చు. పేచీ ఒక్కటే.

పాత ఆటలో పోరాటం ఆగేది. మన వంతు రాగానే కొట్టాలా, కాచుకోవాలా, మందు తాగించాలా అని అడిగి, జవాబు కోసం నిలబడేది. శత్రువు కూడా ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ పెద్దమనిషిలా ఎదురుచూసేవాడు. లేచి వెళ్లి భోంచేసి వచ్చినా అడిగేవాడు కాదు. కొత్త ఆటలో ఎవడూ ఎవడికోసమూ ఆగడు. నువ్వు నోరు తెరిచేలోపు పొగదొర నెత్తిన నాలుగు మొత్తి పోతాడు.

ఇది పైఅంతస్తు రూపకర్త చేసిన మార్పు. ఆట ఎలా నడవాలో నిర్ణయించేది ఆయనే. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతాడు. ఎదుటివాడు మొదలుపెట్టిన వాక్యాన్ని తనే పూర్తి చేసి, దానికి తనే జవాబు కూడా చెప్పేస్తాడు. పురుగులవాళ్లు ఆయనకి తొందర సారు అని పేరు పెట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రం ఆటకి తాళం వేస్తామని ఆయన చెప్పేశాడు. తాళం పడ్డాక పోరాటం జోలికి ఎవరూ పోకూడదు. ఉన్నది ఉన్నట్టే బజారుకి పోతుంది.

"నీకెందుకింత పట్టుదల?" అన్నాడు బక్కోడు. "నీ చేతులు చకచకా ఆడతాయిగా."

"నా కోసం కాదు, మా అమ్మ కోసం."

"మీ అమ్మగారు వీడియోగేమ్ ఆడతారా?"

"ఆడుతుంది. కాకపోతే రిమోట్ జన్మలో ముట్టుకోలేదు."

బక్కోడు అప్పుడు నమలడం ఆపాడు.

*

ఇంటి ముందుగదే అమ్మ దుకాణం. కుట్టుమిషను వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి ఉంటుంది. టీవీ దాని వెనక గోడకి. చిన్నది ఇంటికొచ్చేసరికి అమ్మ పెదాల మధ్య గుండుసూదులు బిగించి ఎవరిదో ప్యాంటు కాళ్లు మడుస్తోంది. ఆ సూదుల సందుల్లోంచే అడిగింది.

"ఆగాడా?"

"లేదమ్మా. అది లోపం కాదట."

అమ్మ సూదులన్నీ తీసి దిండుకి గుచ్చింది. "మనిషి మాట్లాడుతుంటే మధ్యలో మీద పడి కొట్టడం లోపం కాకపోతే ఏంటి, గొప్పా? వాడు పొగదొరా, రౌడీయా?"

చిన్నదానికి నవ్వొచ్చింది. ఇదే కుర్చీ, ఇదే కిటికీ. ఆ రోజుల్లో అక్క టీవీ ముందు బాసింపట్టు వేసుకుని రిమోట్ పట్టుకునేది. తెర మీద వచ్చే మాటలన్నీ చిన్నది గొంతులు మార్చి పైకి చదివేది. దీపంపిల్లకి సన్నగొంతు, కత్తివాడికి కీచుగొంతు, మోతగాడి మాటలకి ముందూ వెనకా ముక్కుతో హుఁ హుఁ మంటూ ఒక బుస. అమ్మ తల తిప్పేది కాదు. తల తిప్పితే కుట్టు వంకర పోతుంది. ఏం చెయ్యాలో మిషను మీంచే చెప్పేది. 'కాసేపు ఆగండే, ఈ చంక కుట్టనివ్వండి' అంటే ఆట ఆగేది. చంక పూర్తయ్యాక, 'ఆఁ, మంత్రగత్తెని వెనక్కి లాగండి, మందులన్నీ మోతగాడి మీద వెయ్యండి' అనేది. తీరమంతా అమ్మ అలా వెనక్కి చూడకుండానే నడిచింది.

"ఇంకో మాట చెప్పు," అంది అమ్మ మిషను చక్రం చేత్తో తిప్పి సూది పైకి లేపుతూ. "మోతగాడు బాగున్నాడా కొత్త ఆటలో? మేతకి లోటు లేదుగా?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు. మూటలు ఇంకా పెరిగాయి," అంది చిన్నది. మోతగాడి మేత అమ్మ పాత జోకు.

"పాపం," అంది అమ్మ.

ఆ ఆట వాళ్లు పూర్తి చెయ్యలేదు. యంత్రం పైవాటా వాళ్లది. పొగదొర గుమ్మం దాకా వెళ్లిన మర్నాడు ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి, యంత్రాన్ని కూడా గిన్నెలతో పాటు అట్టపెట్టెలో సర్దుకుపోయింది. అమ్మ చేతిలో దారం పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఆ బండి వీధి మలుపు తిరిగేదాకా చూసింది. పొగదొరని ఎలా పడగొట్టాలో అప్పటికే ఆలోచించి పెట్టుకుంది మరి. ఆ ఆలోచన ఇప్పటికీ కడుపులో అలాగే ఉంది.

తలుపు నెట్టుకుని అక్క వచ్చింది. బస్సు డ్రైవరు. యూనిఫారం చొక్కా విప్పి లోపలి బనీనుతో నిలబడి, చొక్కా అమ్మ ఒళ్లోకి విసిరింది. "గుండీ ఊడిందమ్మా. మళ్లీ డ్యూటీకి పోవాలి. ఏంటి మాట్లాడుకుంటున్నారు?"

"ఏమీ లేదు. దాని ఆఫీసు గోల," అంది అమ్మ, గుండీల డబ్బాలో వేళ్లు పెట్టి కెలుకుతూ.

అక్క ముఖం చిన్నబోయింది. ఆ 'ఏమీ లేదు' ఎందుకొచ్చిందో ముగ్గురికీ తెలుసు. మొదటి రీమేక్ వచ్చినప్పుడు అక్క బుల్లి యంత్రం కొనుక్కుని, చెవుల్లో తీగలు పెట్టుకుని, డిపోలో బస్సు బయల్దేరేదాకా ఆడి ఆడి, ఒకరోజు ఇంటికొచ్చి, 'అమ్మా, పొగదొర చచ్చాడు, అయిపోయింది' అని సంబరంగా చెప్పింది. అమ్మ 'అలాగా' అంది. ఆ సాయంత్రం మిషను మామూలు కంటే గట్టిగా మోగింది. అప్పట్నుంచి పెద్దకూతురి దగ్గర ఆ ఆట ఊసెత్తదు. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

అమ్మ గుండీ కుట్టి, దారం పళ్లతో కొరికి, చొక్కా అందించింది. అక్క తొడుక్కుని, కొత్త గుండీ తడిమి చూసుకుని, వెళ్లిపోయింది.

*

మర్నాడు చిన్నది తొందర సారుని మెట్ల మీద పట్టుకుంది. ఆయన రెండేసి మెట్లు ఎక్కుతుంటే ఈమె కూడా రెండేసి ఎక్కాల్సి వచ్చింది.

"సార్, ఆ పోరాటం..."

"ఆగాలంటావు. ఆగదు. ఈ కాలం వాళ్లకి ఓపిక లేదు."

"ఓపిక లేనివాళ్లు ఆగక్కర్లేదు సార్. కావాల్సినవాళ్లు ఆపుకుంటారు. ఒక మీట పెట్టండి చాలు."

"ఆగితే బొమ్మలన్నీ కొయ్యల్లా నిలబడిపోతాయి. అల గాల్లో ఆగిపోతుంది. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది." మలుపు దగ్గర ఆయన నిలబడ్డాడు. "చూడమ్మా, నేనూ ఆ ఆటతోనే పెరిగాను. తలుపేసుకుని ఒక్కణ్ణే ఆడేవాణ్ణి. శత్రువు అలా దిష్టిబొమ్మలా నిలబడి ఉంటే నాకు అప్పుడే చిరాకు. పెద్దయ్యాక దీన్ని బాగుచేస్తానని ఒట్టేసుకున్నాను."

ఆయన కళ్లలో నిజంగానే ప్రేమ ఉంది. అదే వచ్చిన చిక్కు. ప్రేమ లేనివాడితోనైతే పోట్లాట సులువు.

"మా అమ్మ ఎలా ఆడుతుందో ఒక్కసారి చూస్తే..."

"తాళం పడేదాకా ఇంట్లోవాళ్లని లోపలికి రానివ్వం. శనివారం అందరి కుటుంబాలూ వస్తాయిగా, అప్పుడు తీసుకురా," అని మిగతా మెట్లు రెండు అంగల్లో ఎక్కేశాడు.

శనివారం! తాళం పడ్డాక తీసుకొచ్చి ఏం చూపించాలి, తాళమా? చిన్నది కిందికి దిగుతూ, కోపంతో కాదు, ఆలోచిస్తూ, ఒక్కో మెట్టే దిగింది.

*

పురుగులవాళ్ల గదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో అసలు ఆట, దాన్ని ఆడించే పాత యంత్రం, పక్కన వెనకవైపు గూనిలా ఉబ్బిన పాతకాలపు గూనిటీవీ ఉంటాయి. కొత్త బొమ్మను పాత బొమ్మతో పోల్చి చూసుకోవడానికి తప్ప ఎవరూ వాటిని తియ్యరు. బుధవారం భోజనాల వేళ చిన్నది బీరువా తెరిచి, యంత్రం మీద దుమ్ము చున్నీతో తుడిచి, తీగలు తగిలించింది.

"బక్కోడా, నువ్వు రిమోట్ పట్టు. నేను చదువుతాను. మూడోవాళ్లు కావాలి. వీపు తెరకి, ముఖం గోడకి."

"ముఖం గోడకి పెట్టుకుని ఏం ఆడతారే?"

"ఆడతారు. చెప్పడమే ఆట."

మొదట వంటగది నుంచి టిఫిన్ డబ్బా పట్టుకొచ్చిన ఒకమ్మాయి కూర్చుంది. ఒక చేత్తో తింటూ, గోడను చూస్తూ, 'మందు తాగించండి, కాదు కాదు, ఉండండి' అనడం మొదలుపెట్టింది. పాత యంత్రం బుద్ధిగా ఉంది. ఆమె ముద్ద మింగేదాకా తెర మీది బురదరాక్షసి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఊగుతూనే ఉంది. గెలిచేసరికి ఆ అమ్మాయి లేచి చిందులేసింది. తన కళ్లతో ఒక్క దెబ్బ కూడా చూడలేదు! "నాది నాది" అంటూ ఇంకొకడు కుర్చీ లాక్కున్నాడు. తర్వాత అదే పోరాటం కొత్త ఆటలో పెట్టారు. గోడ వైపు కూర్చున్నవాడు "ముందు కత్తి..." అనేలోపే నలుగురూ నేలకూలారు. మళ్లీ ఆడారు, మళ్లీ కూలారు. మంచి నవ్వులాటగా మొదలైంది కాస్తా చప్పబడింది.

"బల్లల దగ్గర ఒక్క పురుగూ లేదేంటి?" అంటూ తొందర సారు వచ్చాడు. తిట్టడానికే వచ్చాడు. గూనిటీవీలో పాత దీపస్తంభం కనబడగానే తిట్టు గొంతులో ఉండిపోయింది.

"కూర్చోండి సార్," అంది చిన్నది, గోడవైపు కుర్చీ చూపించి.

ఆయన నవ్వాడు. ఈ కుర్రాళ్ల ముందు వెనక్కి తగ్గగలడా? కూర్చున్నాడు. చిన్నది గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. మంత్రగత్తె నసపెట్టింది. మోతగాడు హుఁ హుఁ మన్నాడు. దొంగల గుంపు అడ్డుపడింది. ఆట అడిగింది: ఏం చేద్దాం?

తొందర సారు అరచేతులు మోకాళ్ల మీద రుద్దుకున్నాడు. "ఎంతమంది? ఇద్దరు విలుకాళ్లా? దీపంపిల్ల ఎక్కడుంది? ఆగండి, ఆగండి, ఒక్క నిమిషం ఆలోచించుకోనివ్వండి."

"మన కొత్త ఆటలో ఆ మాట చెల్లదు సార్," అన్నాడు బక్కోడు అమాయకంగా.

అందరూ నవ్వు ఆపుకున్నారు. గూనిటీవీలో పాట మాత్రం తిరిగి తిరిగి వస్తోంది. తొందర సారు గోడను చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయన అంతసేపు కదలకుండా ఉండడం ఎవరూ ఎరగరు. ఆఖరికి, "కత్తివాణ్ణి దీపంపిల్లకి అడ్డం పెట్టండి," అన్నాడు నెమ్మదిగా. దొంగలు ఓడిపోయారు. అందరూ అరిచారు. ఆయన లేచి, తెర వైపు తిరిగి, తనకి బట్టీపట్టినట్టు తెలిసిన ఆ చుక్కల బొమ్మలని కొత్తగా చూశాడు.

"ఇలా ఎవరు నేర్పారు మీకు?"

"చెప్పబోయాను సార్, మెట్ల మీద. మా అమ్మ."

"నేనెప్పుడూ..." అన్నాడు ఆయన. ఈసారి ఎదుటివాళ్ల వాక్యం కాదు, తన వాక్యమే పూర్తి చెయ్యలేదు. వెళ్లిపోయాడు.

సాయంత్రం చిన్నదాని తెర మీద కొత్త ముక్క వచ్చింది. "తెరిచాం. శుక్రవారం లోపు ప్రతి పోరాటాన్నీ ఆపి చూపించండి. ఒక్కటి చెడినా మళ్లీ మూసేస్తాను."

"చచ్చాం," అన్నాడు బక్కోడు. అని, చేతులు దులుపుకుని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

*

గురువారం, శుక్రవారం ఆ గదిలో ఎవరూ తీరిగ్గా మంచినీళ్లు కూడా తాగలేదు. ఆటని ఆపడమంటే ఒక్క మీట నొక్కడం కాదని అందరికీ తెలిసొచ్చింది. ఆపితే కత్తి చేతిలోంచి జారి గాల్లో నిలబడేది. ఇంకోచోట ఆట ఆగింది గానీ పాట ఆగక, పోరాటం సగంలో ఉండగానే గెలుపు డప్పులు మోగేవి. మంత్రగత్తె జుట్టు మాత్రం ఎవరి మాటా వినకుండా ఎగురుతూనే ఉండేది. కనిపెట్టడం, రాయడం, పైకి పంపడం, పైవాళ్లు సరిచేసి పంపితే మళ్లీ ఆడటం. పైఅంతస్తు వాళ్లూ చొక్కా చేతులు మడిచారు. తొందర సారు మెట్లెక్కే ఓపిక లేక కిందే, పురుగులవాళ్ల మధ్యే, బల్ల వేయించుకున్నాడు.

"ఆగినప్పుడు వాళ్లు కొయ్యల్లా ఉండకూడదు," అన్నాడు ఆయన శుక్రవారం పొద్దున, కళ్లు నులుముకుంటూ. "ఊపిరి పీల్చాలి. పాత ఆటలోలా కాలు మార్చాలి." తనే కూర్చుని పొగదొరకి ఊపిరి పోశాడు. ఆ దొర గుండె పైకి లేచింది, కిందికి దిగింది. దొర కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి మార్చాడు. గదిలో ఎవరో ఈల వేశారు.

బక్కోడు తన వాటాగా, ఏం చెయ్యాలో ఎంచుకునే ఆజ్ఞల పట్టీలో ప్రతి మీటనీ, ఆట ఆపి నొక్కి చూస్తున్నాడు. "ఈ 'బరువు దించు' ఎవడిక్కావాలి? మోతగాడు మూట విసురుతాడు, శత్రువుకి చీమ కుట్టినట్టుంటుంది. మూటెంత బరువుంటే దెబ్బ అంతట. ఎవడు మోయిస్తాడు వాడిచేత అంత?"

"పాత ఆటలో ఉంది కాబట్టి ఉంచాను," అన్నాడు తొందర సారు. "పని చేస్తోందా, లేదా?"

"చేస్తోంది."

"పో, తర్వాతది చూడు."

సాయంత్రం పోరాటాలన్నీ ఆగాయి. అడిగినప్పుడు ఆగి, అడిగినప్పుడు కదిలాయి. తొందర సారు తాళం వేసే మీట మీద వేలు పెట్టి, చిన్నదాన్ని పిలిచి, "నువ్వు నొక్కు," అన్నాడు. చిన్నది నొక్కింది. 

ఇంటికెళ్లి చెబితే అమ్మ మిషను ఆపింది. కాలు తొక్కుడుపలక మీద, చెయ్యి గుడ్డ మీద అలాగే ఉన్నాయి. "నిజంగా ఆగుతాడా?"

"నువ్వు ఎంతసేపంటే అంతసేపు. రేపు నువ్వు రావాలి. పొగదొర గుమ్మం దాకా ఆడి, ఆటని అక్కడే ఆపి దాచిపెట్టాం. మనం ఆగింది అక్కడేగా."

అమ్మ కుట్టిన అంచు మీద వేలితో రాసి చూసుకుంది. "పెద్దదాన్ని కూడా రమ్మను," అంది చివరికి.

"వస్తుందో రాదో. దానికి మొహమాటం."

"మొహమాటమేంటే? రిమోట్ నువ్వు పడితే నాకు కుదరదు. అది లేకపోతే నాకు చెయ్యి లేదు. అలా చెప్పు దానికి. నేనన్నానని చెప్పు."

చిన్నది ఫోన్‌లో అలాగే చెప్పింది. అవతల ఇంజను ఆపేసిన చప్పుడు. తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "డ్యూటీ మార్చుకుంటాను," అంది అక్క.

*

శనివారం ఆఫీసు నిండా తాతలు, పెళ్లాలు, పిల్లలు. అమ్మ చేతిసంచీతో వచ్చింది. సంచీలో ఎవరిదో లంగా, సూది, దారం. "సాయంత్రానికి ఇవ్వాలి. అంచు ఒక్కటే మిగిలింది, చేత్తో కుట్టేస్తాను," అంది, ఎవరూ అడక్కుండానే. పురుగులవాళ్లు గోడ వైపు కుర్చీ వేసి, దాని మీద మెత్త కూడా వేసి ఉంచారు. అమ్మ దాన్ని చూసి, "ఇది నాకే వేశారా?" అంది. కూర్చుని లంగా ఒళ్లో పరుచుకుంది.

అక్క యూనిఫారంలోనే వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. అమ్మ వెనక్కి తిరక్కుండానే, "వచ్చావా? కూర్చో. ముందు సామానంతా మోతగాడి మీద వెయ్యి," అంది. అంతే. ఏళ్ల తరబడి ఉన్న ఉక్కిరిబిక్కిరంతా ఆ ఒక్కమాటతో పోయింది. అక్క బూట్లు విప్పేసి, తెర ముందు కింద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అన్నీనా అమ్మా?" అంది.

"ఎప్పుడూ వేసేవే కదే. నూనెపీపాలు, మందులు, రాళ్లు, అన్నీ."

పొగదొర లేచాడు. చిన్నది చదివింది, ఆ పాత గొంతులతోనే.  పొగ ఉన్నంతసేపూ కత్తి తగలదు. అమ్మ ఆలోచన ముందునుంచీ అదే. "ఎవరూ కొట్టొద్దు. మోతగాడి దగ్గర నూనె తీసి దీపంపిల్లకి పొయ్యండి. మంత్రగత్తెని గాలి వీయించమనండి." దీపం వెలిగింది. పొగ చీలింది. కత్తివాడు దూకాడు. వెనక నిలబడ్డ పిల్లలు కేరింతలు కొట్టారు. ఇంతలో పొగదొర చెయ్యి విసిరాడు, కత్తివాడు పడిపోయాడు. ఇంకో విసురుకి మంత్రగత్తె.

"అమ్మా," అంది అక్క గొంతు తగ్గించి. "ఇద్దరు పోయారు. మందులు అయిపోయాయి. మన వంతు."

"వాడింకా నిలబడి ఉన్నాడా?"

"ఉన్నాడు. బాగా నీరసించాడు. కానీ ఇంకో దెబ్బ తింటే మనం పోతాం."

అమ్మ సూది గుడ్డలోకి దించింది. "ఉండనీ. ఈ నాలుగు కుట్లు వేసేస్తాను."

 అంత పెద్ద తెర నిండా పొగదొర గుండెలెగరేస్తూ, కుడికాలి బరువు ఎడమకాలికి మార్చుకుంటూ, లంగా అంచు పూర్తయ్యేదాకా నిలబడ్డాడు. తీరం వెంట వచ్చినవాళ్లందరినీ గడగడలాడించినవాడు, ఒక కుట్టుపనామె దారానికి ముడి వేసుకునేదాకా నోరు మూసుకుని ఆగాడు. తలుపు దగ్గర తొందర సారు తనని తానే మర్చిపోయి చూస్తున్నాడు. చిన్నదానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గెలిచినా ఓడినా ఇక ఫరవాలేదు అనిపించింది. అంతలోనే, లేదు, గెలవాలి అనిపించింది.

అమ్మ దారం కొరికింది. "మోతగాడు ఉన్నట్టేనా?"

"ఉన్నాడు. మూట కింద వంగిపోయి ఉన్నాడు."

"పాపం, ఎంతసేపని మోస్తుంది. ఇంక దించమను."

అక్క వెనక్కి తిరిగింది. "దించడమా? వంతు పోతుందమ్మా."

"పోతే పోయింది. దించమనవే. ఇంక నా వల్ల కాదు అనిపించడం లేదూ దానికి?"

బక్కోడు నోరు తెరిచి, చప్పున చేత్తో మూసుకున్నాడు. అక్క పట్టీలో అట్టడుగుకి వెళ్లి 'బరువు దించు' నొక్కింది.

మోతగాడు నడుము నిటారుగా లేపాడు. తీరమంతా మోసిన పీపాలు, సీసాలు, రాళ్లు, కమ్మరి ఇనపదిమ్మె, అన్నీ కలిసిన ఆ మూట నెత్తి మీదికి ఎత్తి పొగదొర మీద పడేశాడు. తెర అంతా తెల్లబడింది. పొగ పోయింది. సముద్రం కనిపించింది, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, దీపాలన్నీ వెలుగుతూ. గది గదంతా ఒకటే అరుపు. బక్కోడు బల్లెక్కి గెంతాడు. "చీమ కుట్టినట్టుంటుందన్నాను! చీమ!" అక్క రిమోట్ వదిలేసి, కింద కూర్చునే అమ్మ మోకాళ్లు పట్టుకుని, ఒళ్లో ముఖం పెట్టుకుంది. అమ్మ సూది పక్కకి తీసి, దాని తల నిమిరింది.

"గెలిచామా?"

"గెలిచాం," అంది చిన్నది.

"అయితే ఇప్పుడు చూడొచ్చు," అంది అమ్మ. కుర్చీ కాళ్లు కిర్రుమనేలా తిప్పుకుని, మొట్టమొదటిసారి తెర వైపు కూర్చుంది. కొండ మీద నలుగురూ నిలబడి ఉన్నారు. పడినవాళ్లు కూడా లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. అమ్మ ఒక్కొక్కరినీ వేలితో లెక్కపెట్టుకుంది. దీపంపిల్లని గుర్తుపట్టింది, కత్తివాణ్ణి, మంత్రగత్తెని గుర్తుపట్టింది.

"ఈ గడ్డం పెద్దాయనెవరు? మన గుర్రమేదీ?"

"ఏ గుర్రం?"

"మోతగాడే. అంత సామాను మోసింది. హుఁ హుఁ మని బుసకొట్టేదిగా."

చిన్నదీ అక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అమ్మా, వాడే మోతగాడు. గడ్డం ఆయనే."

అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మనిషా!" అంది. "అయ్యయ్యో. బంగారంలాంటి మనిషి నెత్తిన ఇన్నేళ్లూ ఊళ్లో సామానంతా వేయించానా? మీకైనా ఉండక్కర్లేదా, చెప్పొద్దూ?"

గది పడీ పడీ నవ్వింది. తొందర సారు తలుపుకి ఆనుకుని నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. అమ్మకి మాత్రం నవ్వు రాలేదు. లంగా మడతపెట్టి సంచీలో పెట్టుకుని, కుర్చీని మళ్లీ గోడ వైపు తిప్పుకుంది.

"మళ్లీ మొదట్నుంచి పెట్టండే," అంది. "ఈసారి సామాను నలుగురికీ పంచుదాం."